పేరు పక్కన పెట్టి పొలం పట్టుకోండి

"కోర్టుహౌస్ ఎప్పుడో కాలిపోయిందటండీ, ఇంక అక్కడ ఏమీ దొరకదు." అమెరికా దక్షిణాదిలో పూర్వీకుల ఆచూకీ వెతికేవాళ్లు ఎక్కడ కలిసినా ఈ మాట వినిపిస్తుంది. జార్జియాలోనో అలబామాలోనో స్థిరపడి, అక్కడి కుటుంబాలతో వియ్యమందిన తెలుగు ఇళ్లలో కూడా ఈమధ్య వినిపిస్తోంది. మనవడిని బడిలో వంశవృక్షం గీసుకురమ్మంటారు. నాన్న వైపు కొమ్మ సంగతి తాతయ్యని అడిగితే తెలుస్తుంది. అమ్మ వైపు కొమ్మ 1870 దగ్గరో, ఇంకా ముందు 1850 దగ్గరో తెగిపోతుంది. తెగిన చోట నెపం నిప్పు మీదికి పోతుంది.

కాలిన పుస్తకాలు ఉన్నాయి, కాదనను. కానీ మంటలు మింగినవాటి కన్నా మనవాళ్లు తెరవకుండా వదిలేసినవే ఎక్కువని నా అభిప్రాయం. వెతికేవాళ్లంతా పేరు వెతుకుతారు. పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, చనిపోయిన తేదీ కావాలంటారు. పల్లె కౌంటీ (మన జిల్లా లాంటిది) కచేరీకి ఆ గొడవ పట్టలేదు. ఎవరి భూమి ఎవరికి పోయింది, ఎవరు ఎవరికి బాకీ, చచ్చినవాడి సొత్తు ఎవరెవరు పంచుకున్నారు, పన్ను ఎవరు కట్టాలి: రాసుకున్నదంతా ఇదే. మన ఊళ్లలో కరణం చిట్టా ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. అందుకే పేరు పట్టుకుని పోయినవాడు ఉత్త చేతులతో వస్తాడు, పొలం పట్టుకుని పోయినవాడికి మనుషులు కూడా దొరుకుతారు.

మాట గాల్లో ఉండకుండా ఒక కౌంటీని ముందు పెట్టుకుంటాను. జార్జియాలో ఓకోనీ, ఓగీచీ నదుల మధ్య ఉన్న హాంకాక్ కౌంటీ. ముఖ్యపట్టణం స్పార్టా. 1793లో గ్రీన్, వాషింగ్టన్ కౌంటీల నుంచి తలా కొంత తీసి దీన్ని ఏర్పరిచారు. పత్తి పండించిన నేల, బానిసల చాకిరీతో ఎదిగిన నేల. నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా వేల కుటుంబాలు ఇక్కడి నుంచి పడమటికి కదిలాయి.

కాలిందంటే ఏం కాలింది?

కాలిపోయిందని ఎవరైనా చెప్పగానే మూడు ప్రశ్నలు అడగాలి. ఏ ఏడు కాలింది? ఏ ఆఫీసు కాలింది? ఆ ఆఫీసులో అప్పుడు ఏ పుస్తకాలున్నాయి?

రెండో ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే కచేరీ ఒకటే అయినా ఆఫీసులు వేరు. జార్జియాలో భూముల దస్తావేజులు సుపీరియర్ కోర్టు క్లర్కు దగ్గర, వీలునామాలూ పెళ్లి లైసెన్సులూ ప్రొబేట్ కోర్టులో (చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే కోర్టు) ఉంటాయి. అలబామాలో దస్తావేజులూ వీలునామాలూ రెండూ ప్రొబేట్ జడ్జి దగ్గరే. మిసిసిపీలో చాన్సరీ క్లర్కు చూస్తాడు. నార్త్ కెరొలైనాలో భూమీ పెళ్లీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ దగ్గర, ఎస్టేట్లు, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి కాగితాలు, సుపీరియర్ కోర్టు క్లర్కు దగ్గర. తప్పు ఆఫీసుకు ఉత్తరం రాస్తే "మా దగ్గర లేవు" అని జవాబు వస్తుంది. అది చేతులు మారి, ఇద్దరు ముగ్గురి నోట్లో పడేసరికి "కాలిపోయాయట" అవుతుంది.

నిజంగా పోయినచోట కూడా అంతా పోదు. వర్జీనియాలో హానోవర్, జేమ్స్ సిటీ లాంటి కౌంటీలవాళ్లు అంతర్యుద్ధంలో తమ పుస్తకాలకు ముప్పని రిచ్‌మండ్‌కు పంపారు. 1865 ఏప్రిల్‌లో రాజధానిని ఖాళీ చేస్తున్నప్పుడు అంటుకున్న మంటల్లో అవన్నీ అక్కడే బూడిదయ్యాయి. భద్రత కోసం చేసిన పనే కొంప ముంచింది. అయినా వర్జీనియాలో 1782 నుంచి భూమి పన్ను, సొత్తు పన్ను జాబితాల ప్రతి ఒకటి రాష్ట్ర ప్రభుత్వానికి పోతుండేది. కౌంటీ కాపీ కాలినా రాష్ట్రం కాపీ ఉంది. ఒక మనిషి పేరు ఏటా కనిపిస్తూ వచ్చి, ఒక ఏడు అదే భూమి "ఎస్టేట్" అన్న మాటతో నమోదైతే, మరణధ్రువపత్రం లేకుండానే ఆయన పోయిన కాలం తెలిసిపోతుంది.

మంటల తర్వాత ఇంకొకటి జరుగుతుంది. భూమి ఉన్నవాడు తన హక్కు పోకూడదని ఇంట్లో దాచుకున్న అసలు దస్తావేజు తెచ్చి మళ్లీ రిజిస్టరు చేయించుకుంటాడు. అందుకని 1820ల దస్తావేజు 1870ల పుస్తకంలో దొరకవచ్చు. నిప్పు పడని కౌంటీల్లోనూ సంతకమైన ఇరవై ముప్పై ఏళ్లకు, ఎవరో అమ్మబోయినప్పుడు, పాత కాగితం రిజిస్టరైన సందర్భాలు బోలెడు. ఇండెక్సును మనిషి చనిపోయిన ఏటితో ఆపేయకూడదు, కనీసం నలభై ఏళ్లు ముందుకు చూడాలి.

మరో తావు పత్రికలు. ఎస్టేటు అమ్మకం, షెరీఫ్ వేలం, ఆస్తి నిర్వాహకుడి నియామకం, ఇవన్నీ ప్రకటనగా అచ్చు వేయించాలని చట్టం. 1807 నుంచి 1868 దాకా జార్జియా రాజధానిగా ఉన్న మిలెడ్జ్‌విల్ హాంకాక్‌కు పక్కనే ఉంది. అక్కడి పత్రికల్లో చుట్టుపక్కల కౌంటీల ప్రకటనలు వారం వారం వచ్చేవి. జార్జియా పాత పత్రికల డిజిటల్ సంగ్రహం ఉచితంగా చదువుకోవచ్చు.

ఇక హాంకాక్ సంగతి. 1880ల్లో కట్టిన స్పార్టా కోర్టుహౌస్ 2014 ఆగస్టులో నిజంగానే కాలింది, ఇటుక గోడలు మిగిలాయి, తర్వాత మళ్లీ కట్టుకున్నారు. కానీ 1790ల నుంచి ఉన్న దస్తావేజు పుస్తకాలను దశాబ్దాల కిందటే మైక్రోఫిల్ము తీశారు. ఆ ఫిల్ముల బొమ్మలు ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైటులో ఉన్నాయి. కొన్నింటిని ఇంట్లో కూర్చునే చూడవచ్చు, కొన్నింటికి వాళ్ల కేంద్రానికో అనుబంధ గ్రంథాలయానికో వెళ్లాలి. భవనం కాలడం వేరు, రాత పోవడం వేరు.

తేదీలు ఎందుకు దొరకవు

జార్జియాలో రాష్ట్రమంతటా జనన మరణాలు నమోదు చేయడం 1919లో మొదలైంది. అలబామాలో 1908, మిసిసిపీలో 1912, నార్త్ కెరొలైనాలో 1913, సౌత్ కెరొలైనాలో 1915. సౌత్ కెరొలైనా పెళ్లికి లైసెన్సు అడగడం కూడా 1911లో గానీ మొదలుపెట్టలేదు. దానికి ముందున్న మనిషికి ఈ రాష్ట్రాల కౌంటీల్లో జననధ్రువపత్రం వెతకడం లేని కోడికి ఈకలు పీకడమే. 1880ల్లో పుట్టినవాళ్లకు కూడా ఒక్కోసారి దొరికేవి 1930లు, 40ల్లో ఆలస్యంగా చేయించుకున్న పత్రాలు. సోషల్ సెక్యూరిటీ పింఛనుకూ యుద్ధకాలపు ఉద్యోగాలకూ వయసు రుజువు అవసరమై, కుటుంబ బైబిల్లో రాసుకున్నదో పెద్దవాళ్ల ప్రమాణపత్రమో చూపించి తీసుకున్నవి అవి.

జనాభా లెక్కలు ఆదుకుంటాయి కానీ వాటికీ హద్దులున్నాయి. 1840 దాకా ఇంటి పెద్ద పేరే, మిగతావాళ్లు వయసుల వారీగా అంకెలు. 1850లో స్వేచ్ఛగా ఉన్న ప్రతివారి పేరూ వచ్చింది. ఇంటి పెద్దకు ఎవరేమవుతారో చెప్పే గడి 1880లో వచ్చింది. అంటే 1850, 60, 70 లెక్కల్లో ఒకే ఇంట్లో ఉన్న ఆడమనిషీ పిల్లలూ భార్యాబిడ్డలని మనం అనుకోవడమే, రాసి లేదు. రెండో భార్యో, చెల్లెలో, అన్న పోగా మిగిలిన పిల్లలో కావచ్చు. 1890 లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రమాదంలో దాదాపుగా పోయాయి. జార్జియాకు మరో దెబ్బ: 1790, 1800, 1810 లెక్కల్లో ఒక్క ఓగ్లెథార్ప్ కౌంటీ 1800 జాబితా తప్ప ఏదీ మిగల్లేదు. ఆ ఖాళీని పూరించేది 1805లో రాష్ట్రం చీటీలు తీసి భూములు పంచిన లాటరీ జాబితా. అందులో భూమి గెలిచినవాళ్లే కాదు, ఖాళీ చీటీ వచ్చినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఇక్కడా మనిషిని పట్టిస్తున్నది భూమే.

కాబట్టి వరుస మార్చాలంటాను. 1850కి ఈవల లెక్కల్లో మనిషి ఉన్న చోటు ఖరారు చేసుకోండి. అక్కడి నుంచి వెనక్కి పోవడానికి పన్ను జాబితాలు, దస్తావేజులు, ఎస్టేటు కాగితాలు, ఈ వరుసలో. అందరూ దీన్ని తలకిందులు చేసి, ముందు పెళ్లి పుస్తకం చూసి, అందులో లేకపోతే మూసేస్తారు.

ఒకే పేరు, ముగ్గురు మనుషులు

1810ల్లో ఒక కౌంటీలో జాన్ స్మిత్‌లు ముగ్గురుంటారు. సీనియర్, జూనియర్ అన్నది తండ్రీకొడుకులకే వాడలేదు, పెద్దవాణ్నీ చిన్నవాణ్నీ వేరుచేయడానికి వాడారు. వాళ్లు మేనమామా మేనల్లుడూ కావచ్చు, అసలు చుట్టరికమే లేకపోవచ్చు. పెద్దవాడు పోగానే జూనియర్ సీనియర్ అయిపోతాడు. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఈ ముగ్గురినీ కలిపి ఒక మనిషిని చేసి, నాలుగు పెళ్లిళ్లూ ఇరవైమంది పిల్లలూ అంటగట్టినవి కొల్లలు.

వాళ్లను విడదీసేది పన్ను జాబితా. జార్జియాలో దీన్ని మిలీషియా జిల్లాల వారీగా, మొదట్లో ఆ దళం కెప్టెన్ పేరుతో రాశారు. మంచి జాబితాలో ఎన్ని ఎకరాలు, ఏ రకం నేల, ఏ వాగు ఒడ్డున, మొదట ఎవరికి మంజూరైంది, పక్క పొలం ఎవరిది, ఎందరు బానిసలు అన్న గడులుంటాయి. షోల్డర్‌బోన్ క్రీక్ మీద 200 ఎకరాలున్న జాన్, బఫెలో క్రీక్ మీద 90 ఎకరాలున్న జాన్ ఒకడు కాడని ఒక్క వరుసతో తేలుతుంది. భూమి లేని కుర్రాడు తలపన్ను ఒక్కటే కట్టేవాడిగా మొదటిసారి కనిపిస్తే అప్పుడే 21 నిండిందని అంచనా. అతను ఎవరి పేరు పక్కన కనిపించాడో చూడండి. అధికారి మనుషులను ఒకచోట చేర్చి రాసుకుంటే తండ్రి పక్కనే కొడుకు నిలబడి ఉంటాడు. జాబితాను తర్వాత అక్షరక్రమంలో తిరగరాసి ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు, అది ముందే చూసుకోవాలి.

ఒక్క ఏడు చూసి వదిలేయకుండా దొరికిన ప్రతి ఏడూ వరుసగా ఎక్కించండి. 300 ఎకరాలు ఒక ఏడు 100 అయిందంటే ఆ 200 ఎక్కడికి పోయాయని అడగాలి. అమ్మితే దస్తావేజు ఉండాలి. దస్తావేజు లేకుండా తగ్గితే పిల్లలకిచ్చాడేమో, వేలంలో పోయిందేమో.

మనిషి కదలకపోయినా కౌంటీ కదులుతుంది. 1793కు ముందు ఇదే పొలం కాగితాలు గ్రీన్‌లోనో వాషింగ్టన్‌లోనో ఉంటాయి. 1825లో టాలియాఫెరో కౌంటీకి హాంకాక్ నుంచి కొంత నేల పోయింది. పాత పుస్తకాలు పాత కౌంటీలోనే ఉండిపోతాయి.

దస్తావేజు చదవడం

ఇండెక్సులు రెండు: అమ్మినవాడి పేరుతో ఒకటి, కొన్నవాడి పేరుతో ఒకటి. ఇందులో మూడు గోతులున్నాయి. వారసులు ఏడుగురు కలిసి అమ్మితే ఇండెక్సులో మొదటి పేరు ఒక్కటే ఉంటుంది, మిగతా ఆరుగురు "తదితరులు". ఆ మొదటి పేరు అల్లుడిది అయిందా, మీ ఇంటిపేరు కింద ఏమీ కనిపించదు. రెండోది: అప్పు కట్టలేక పొలం వేలానికి పోతే అమ్మినవాడిగా షెరీఫ్ పేరు ఎక్కుతుంది, పోగొట్టుకున్నవాడిది కాదు. కాబట్టి ఆ కాలపు షెరీఫ్‌ల పేర్ల కింద కూడా చూడాలి. మూడోది: చనిపోయినవాడి భూమిని అమ్మేది నిర్వాహకుడు, అతని పేరుతోనే ఇండెక్సు. ఇంటిపేరు మార్గంలో వెతికేవాడికి ఈ మూడూ కనపడవు. దక్షిణాదిలో చుట్టరికాలు తేలేది ఎక్కువగా ఈ మూడు రకాల్లోనే.

హాంకాక్ నేల ఓకోనీకి తూర్పున ఉంది కనుక లాటరీలో ఇచ్చింది కాదు, 1783 చట్టం ప్రకారం ఇంటి పెద్దకు 200 ఎకరాలు, ఇంట్లో ఉన్న ఒక్కొక్కరికీ (బానిసలను కూడా లెక్కేసి) 50 చొప్పున 1000 ఎకరాల దాకా ఇచ్చిన పద్ధతి. సర్వే నంబర్లు లేవు. చెక్కుబందీ రాతే: ఫలానా తెల్ల ఓక్ చెట్టు నుంచి ఉత్తరానికి తూర్పుగా 45 డిగ్రీలు, 40 చైన్లు, ఫలానావాడి హద్దు దాకా. ఒక చైను 66 అడుగులు, నాలుగు పోల్స్, వంద లింకులు. పది చదరపు చైన్లు ఒక ఎకరం. పడమటి కౌంటీల లాటరీ భూములు ఇంతకన్నా సులువు, అక్కడ చాలాచోట్ల 45 చైన్ల చదరం, 202½ ఎకరాలు, లాట్ నంబరూ జిల్లా నంబరూ ఉంటే చాలు.

హాంకాక్ తరహా పొలాన్ని కాగితం మీద గీయాలి. 1:24,000 స్కేలు ప్రభుత్వ మ్యాపు మీద అంగుళానికి సుమారు 30 చైన్లు వస్తాయి. కోణమానినీ స్కేలూ చాలు, సాఫ్ట్‌వేరు ఉంటే ఇంకా త్వరగా అవుతుంది. గీసిన బొమ్మ మూసుకోకపోతే కంగారు పడకండి. క్లర్కు అసలు దస్తావేజు చూసి పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు ఒక వరుస దాటేసి ఉంటాడు, లేదా తూర్పుకు పడమర రాసి ఉంటాడు. ఒక్కో దిక్కు తిప్పి చూడండి. ఎకరాల లెక్క రాతలో ఉన్నదానికి దగ్గరికి వచ్చిందంటే దోషం దొరికినట్టే. అయస్కాంత ఉత్తరం కాలంతో జరుగుతుంది కాబట్టి మొత్తం బొమ్మ రెండు మూడు డిగ్రీలు పక్కకి ఉండటం మామూలే. వాగు మలుపుతో సరిపెట్టుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే పొరుగువాళ్ల కోసం. పెళ్లి సంబంధాలు గుర్రం మీద ఒక పూట ప్రయాణంలోనే కుదిరాయి. జార్జియాలో 1866 దాకా పెళ్లయిన ఆడదాని ఆస్తి భర్తదైపోయేది. ఆమె పుట్టింటి ఇంటిపేరు ఏ పుస్తకంలోనూ లేకపోయినా, పక్క పొలం పెద్దాయన పోయాక ఆ ఎస్టేటులో మీవాడు "భార్య తరఫున" వాటా తీసుకుని రసీదు రాసిస్తాడు. ఆమె ఎవరి కూతురో చెప్పే ఏకైక కాగితం ఆ రసీదే కావచ్చు.

ఎస్టేటు కట్ట

వీలునామా ఒక్కటి చూసి సంతృప్తి పడటం అందరూ చేసే పొరపాటు. అందులో "నా ప్రియమైన భార్యకు" అని మాత్రమే ఉండొచ్చు, అప్పటికే వాటా ముట్టిన పెద్దకొడుకు పేరు అసలు లేకపోవచ్చు. వీలునామా లేకుండా పోయినవాడి కాగితాలే ఎక్కువ చెబుతాయి, ఎందుకంటే అప్పుడు కోర్టు అంతా లెక్క అడుగుతుంది. నిర్వాహకుడి జామీను పత్రం, సొత్తు జాబితా, వేలంలో ఎవరు ఏం కొన్నారో పట్టీ, భార్యకు ఏడాది గ్రాసం కేటాయింపు, మైనర్ల గార్డియన్ నియామకం, ఏటేటా జమాఖర్చు, చివరికి పంపకం. తండ్రి పోతే, తల్లి బతికున్నా పిల్లలు "అనాథ"లుగానే నమోదవుతారు. అది చూసి తల్లి కూడా పోయిందనుకోకండి.

జార్జియాలో ఇవి మొదట ఇన్ఫీరియర్ కోర్టు, తర్వాత ఆర్డినరీ అనే అధికారి, 1970ల నుంచి ప్రొబేట్ కోర్టు చూశాయి. కాటలాగులో మూడు పేర్ల కిందా వెతకాలి. బైండు పుస్తకంలో ఎక్కించింది సారాంశమే, విడి కాగితాల కట్టలో రసీదులుంటాయి. బడి ఫీజు, బూట్లు, శవపేటిక చేసినవాడి బిల్లు, వాటి కింద సంతకాలు.

ఏటేటా జమాఖర్చులే నా దృష్టిలో దక్షిణాది కౌంటీ పెన్నిధి. చిన్న కొడుక్కి 21 వచ్చేదాకా, ఒక్కోసారి ఇరవై ఏళ్ల పాటు, అవి సాగుతాయి. వాటిలో ప్రతి జనవరిలో ఎస్టేటు బానిసలను ఎవరెవరికి ఏడాదికి బాడుగకిచ్చారో పేర్లతో ఉంటుంది. ఒక ఏడు "హన్నా", రెండేళ్లకు "హన్నా, బిడ్డ", ఇంకొన్నేళ్లకు "హన్నా, ఇద్దరు పిల్లలు" తరహాలో పద్దులు నడుస్తాయి, ఆ తర్వాత ఆ బిడ్డ సొంత పేరుతో వేరే ఇంటికి బాడుగకు పోతుంది. 1850, 1860 బానిసల జనాభా లెక్కల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు తప్ప పేరు లేని మనిషికి ఇక్కడ పేరుంది, తల్లి ఉంది, ధర కూడా ఉంది. ఈ చివరిది చదవడానికి గుండె గట్టి చేసుకోవాలి.

భూమి లేనివాళ్ల మాటేమిటి?

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఇదే. ఆస్తి పట్టుకుని వెతకమంటే, ఆస్తి లేనివాళ్లూ, తామే ఆస్తిగా లెక్కకొచ్చినవాళ్లూ ఎక్కడ దొరుకుతారు? ఈ పద్ధతి యజమాని కథను ముందుకు తెచ్చి మిగతావాళ్లను అతని పద్దుల్లో పంక్తులుగా మిగల్చదా? మిగులుస్తుంది. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ముత్తవ్వ పేరు కోసం ఆమెను కొన్నవాడి కుటుంబాన్ని తన కుటుంబం కన్నా శ్రద్ధగా చదవాల్సి రావడం న్యాయమని ఎవరూ అనలేరు.

ఐనా దారులున్నాయి. 1870 లెక్కల్లో నల్లవాళ్లు ఎక్కువమంది మొదటిసారి పేరుతో కనిపిస్తారు. ఆ పేజీకి ముందూ వెనకా పదేసి పేజీలు చదవండి. ఆ లెక్కల్లో భూమి విలువా సొత్తు విలువా గడులున్నాయి, కాస్త ఆస్తి ఉన్న తెల్ల పొరుగువాళ్లు తేలిగ్గా తెలుస్తారు. 1860 బానిసల లెక్కల్లో వాళ్లలో ఎవరి కింద సరిపడే వయసులున్నాయో చూసి, వాళ్ల ఎస్టేట్లూ వాళ్ల మామగార్ల ఎస్టేట్లూ తెరవాలి. ఇంటిపేరు చివరి యజమానిదే అయి ఉండాలని లేదు. ముందటి యజమానిది కావచ్చు, తామే ఎంచుకున్నది కావచ్చు. ఇంటిపేరు ఒక్కటే చూసి యజమానిని ఖరారు చేసిన వంశవృక్షాలను నేను నమ్మను.

కౌంటీ బయటా కొన్ని ఉన్నాయి. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కూలి ఒప్పందాల్లో (విడుదలైన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన ఆ సంస్థ 1865 నుంచి 1872 దాకా నడిచింది) భూస్వామి పేరూ, అతని కింద సంతకం బదులు గీత పెట్టినవాళ్ల పేర్లూ ఉంటాయి. ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు అగస్టా శాఖ ఖాతాదారుల రిజిస్టర్లు మిగిలాయి. ఖాతా తెరిచినవాడి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పుట్టిన చోటు వాటిలో రాసుకున్నారు. 1867 జార్జియా ఓటర్ల జాబితాలో 21 నిండిన నల్ల మగవాళ్లున్నారు. పెళ్లి రాత లేదని పెళ్లి లేదనుకోకండి: 1866 మార్చి చట్టం అప్పటికే కాపురం చేస్తున్న నల్ల జంటలను భార్యాభర్తలుగా గుర్తించేసింది, లైసెన్సు అవసరం పడలేదు. తర్వాతి పెళ్లిళ్లకు చాలా కౌంటీల్లో నల్లవాళ్ల పుస్తకం వేరు, ఇండెక్సూ వేరు. ఒక్క ఇండెక్సు చూసి లేదనేసే ప్రమాదం ఇక్కడ రెట్టింపు.

కౌలు రైతులకు, తెల్లవాళ్లయినా నల్లవాళ్లయినా, పంట మీదా పశువుల మీదా అప్పు రాసిచ్చిన తాకట్టు పుస్తకాలున్నాయి. ఎవరి పొలంలో, ఏ ఏటి పత్తి పంట, ఏ రంగు మ్యూలు, అంటే కంచరగాడిద (దాని పేరూ వయసుతో సహా), ఏ షావుకారుకు. 1880 వ్యవసాయ లెక్కల్లో సొంతమా, రొక్కం కౌలా, పాలికా అన్న గడులున్నాయి. సెంటు భూమి లేనివాడు కూడా బాకీ పడితే కౌంటీ రాసుకుంది. రోడ్డు పనికి హాజరు కావలసినవాళ్ల జాబితాలూ, బీదల ఖర్చు పద్దులూ, అప్పు దావాలూ కోర్టు మినిట్సులో ఉంటాయి.

ఆస్తి ఉంటే రాత ఎంత మారుతుందో హాంకాక్‌లోనే ఒక కేసు చూపిస్తుంది. పేరుమోసిన రైతు డేవిడ్ డిక్సన్ 1885లో చనిపోతూ ఆస్తిలో సింహభాగం కూతురు అమాండా అమెరికా డిక్సన్‌కూ ఆమె పిల్లలకూ రాశాడు. అమాండా 1849లో బానిస అయిన జూలియా ఫ్రాన్సిస్‌కు పుట్టిన బిడ్డ. తెల్ల బంధువులు వీలునామా చెల్లదని దావా వేశారు. స్పార్టాలో సుపీరియర్ కోర్టు చెల్లుతుందంది, 1887లో జార్జియా సుప్రీం కోర్టు కూడా అదే ఖాయం చేసింది. దాంతో ఆ తల్లీకూతుళ్ల జీవితం గురించి సాక్షులు ప్రమాణం చేసి చెప్పినవి కోర్టు కాగితాల్లో నిలిచాయి. అదే కౌంటీలో అదే ఏడు పుట్టిన మిగతా బానిస పిల్లల్లో ఎంతమంది గురించి ఇంత రాత ఉంది? తేడా తెచ్చింది వేల ఎకరాల తగాదా.

యంత్రం అన్నీ చదివేస్తుంటే?

2024లో ఫ్యామిలీసెర్చ్ చేతిరాతను యంత్రంతో చదివించి, అమెరికా భూమి, ప్రొబేట్ పుస్తకాల్లో ప్రతి పదాన్నీ వెతికే వీలు కల్పించింది. ఇండెక్సుకు ఎక్కని సాక్షులు, పొరుగువాళ్లు, "తదితరులు", బానిసల పేర్లు ఒక్క నొక్కుతో పైకి తేలుతున్నాయి. అయితే పేరు వెతకొద్దన్న నా మాట పాతబడిపోయినట్టేనా? కొంతవరకు అవును. షెరీఫ్ పేర్ల కింద తడుముకునే పని చాలా తగ్గింది, సంతోషమే.

కానీ ఆ యంత్రం తెచ్చిచ్చేది ఒక పేజీ. అది ఇరవై పేజీల ఎస్టేటులో పదమూడోది కావచ్చు. ముందు ఎవరు చనిపోయారో, తర్వాత ఎవరికి ఏ వాటా వచ్చిందో వెనక్కీ ముందుకీ తిప్పితేనే తెలుస్తుంది. ముగ్గురు జాన్ స్మిత్‌లనూ అది ఒకే బుట్టలో వేస్తుంది. పాత చేతిరాతలో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా ఉంటుంది కాబట్టి జెస్సీని జెఫ్సీ అని చదవొచ్చు. ఎస్-ఎల్, టి-ఎఫ్, ఐ-జె తారుమారు మామూలే. పేరు ఒక్కటే కొట్టకుండా వాగు పేరు, పొరుగువాడి పేరు జతచేసి కొడితే ఫలితాలు సగానికి సగం శుభ్రపడతాయి. అంటే పొలం సంగతి ముందు తెలిసినవాడికే యంత్రం బాగా పనిచేస్తుంది.

డీఎన్ఏ పరీక్ష గురించీ ఇదే మాట. ఫలానా ముప్పై మందితో రక్తసంబంధం ఉందంటుంది, ఏ పూర్వీకుడి ద్వారానో చెప్పదు. ఆ ముప్పై కుటుంబాలూ 1860లో ఏ వాగు చుట్టూ ఉన్నాయో గీసుకుంటే పనికొస్తుంది.

స్పార్టాకు వెళ్లేవాళ్లకు

ఇంట్లో చూడగలిగినవన్నీ అయ్యాక, మోరోలోని జార్జియా ఆర్కైవ్స్ కూడా అయ్యాక, కౌంటీకి బయల్దేరండి. ముందు ఫోన్ చేసి అడగాల్సినవి: ఆ వారం కోర్టు ఉందా, మధ్యాహ్నం మూస్తారా, ఫోన్‌తో ఫొటోలు తీయనిస్తారా, కాపీ పేజీకి ఎంత, పాత విడి కాగితాలు ఎక్కడున్నాయి. చిన్న ఆఫీసులో ఉండేది ఇద్దరు ముగ్గురు. "మా తాతల గురించి ఏమైనా ఉందా" అంటే వాళ్లేం చెప్పగలరు? "1825 నుంచి 1845 దాకా జమాఖర్చుల పుస్తకాలు చూడాలి" అంటే చేయి చూపిస్తారు. కౌంటర్ దగ్గర భూమి హక్కులు తనిఖీ చేసే ప్రైవేటువాళ్లుంటారు, వాళ్లకది జీవనోపాధి, దారి ఇవ్వండి. ఇండెక్సు చిక్కుల్లో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

పుస్తకాలు బరువు, రెండు చేతులా దించాలి. ఫొటో తీసేటప్పుడు ముందు పుస్తకం వెన్ను, తర్వాత పేజీ నంబరు పడేలా పూర్తి పేజీ, మళ్లీ తర్వాతి పేజీ. ఏ పుస్తకంలో ఏ ఏళ్లు చూశారో, ఏ పేరుకు ఏమీ దొరకలేదో అది కూడా రాసుకోండి. ఇక తాకట్టు పుస్తకాలు. అవి చాలాచోట్ల స్కాన్ కాలేదు, నేలమాళిగలోనో పాత గదిలోనో ఉంటాయి, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. పేరు పెట్టి అడగండి.